వీఆర్ఆర్ ఆన్ చేస్తే సరిపోదు: గేమింగ్ మానిటర్‌ను దాని రేంజ్‌లో నడిపించడం ఎలా

గేమింగ్ మానిటర్ కావాలని నెల్లూరు ట్రంక్ రోడ్డులో అడిగినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో అడిగినా ముందు వినబడేది ఒక అంకె. 144, 165, 180. సెకనుకు తెరను గరిష్ఠంగా ఎన్నిసార్లు గీయగలదో చెప్పే పై అంకె అది, హెర్ట్జ్‌లో చెబుతారు. ఆట ఫ్రేము సిద్ధమైనప్పుడే తెర గీసే పద్ధతి వేరియబుల్ రిఫ్రెష్ రేట్, అదే వీఆర్ఆర్. మీరు రోజూ ఆడే ఆటలో అది ఎంతవరకు పనికొస్తుందో తేల్చేది మాత్రం కింది అంకె. డబ్బా మీద చాలాసార్లు అది ఉండదు, అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. "ఫ్రీసింక్ ఆన్ చేశా గదన్నా, అయినా ఆట నున్నగా లేదే" అని తమ్ముళ్లు ఎవరొచ్చినా నేను మొదట అడిగేది దాని గురించే. ఈ మార్గదర్శి మొత్తం ఆ రెండు అంకెల మధ్య ఆటను ఎలా నిలపాలన్న దాని గురించి.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం

గ్రాఫిక్స్ కార్డు ఫ్రేములు, అంటే ఆటలోని ఒక్కో బొమ్మ, తయారు చేస్తుంది, మానిటర్ వాటిని తెర మీద గీస్తుంది. 60 హెర్ట్జ్ మానిటర్ ప్రతి 16.7 మిల్లీసెకన్లకు, 144 హెర్ట్జ్ మానిటర్ ప్రతి 6.9 మిల్లీసెకన్లకు ఒకసారి తెరను పైనుంచి కిందికి గీస్తూ పోతుంది. కార్డు అంత నియమంగా పనిచేయలేదు. ఖాళీ గది ఫ్రేము త్వరగా తయారవుతుంది, పొగ, నీళ్లు, పది మంది శత్రువులు ఉన్న ఫ్రేము ఆలస్యమవుతుంది. మానిటర్ సగం గీసిన తరువాత కొత్త ఫ్రేము వచ్చిపడితే పై సగంలో పాత బొమ్మ, కింది సగంలో కొత్త బొమ్మ కనిపిస్తాయి. తెర అడ్డంగా కోసినట్టు అవుతుంది. దీన్నే టియరింగ్ అంటాం.

పాత మందు వీ-సింక్. మానిటర్ వంతు వచ్చేదాకా కొత్త ఫ్రేమును ఆపుతుంది. టియరింగ్ పోతుంది గానీ, 60 హెర్ట్జ్ మానిటర్ మీద ఒక ఫ్రేముకు 17 మిల్లీసెకన్లు పడితే కొద్దిలో వంతు తప్పిపోతుంది, దాన్ని 33వ మిల్లీసెకను దాకా చూపించరు. ఆట కుదుపుతుంది, మౌస్ బరువుగా అనిపిస్తుంది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆర్టీసీ బస్సుకూ షేర్ ఆటోకూ ఉన్న తేడా అనుకోండి. బస్సు టైముకు కదిలిపోతుంది, ఒక్క నిమిషం ఆలస్యమైనా తరువాతి బస్సే దిక్కు. షేర్ ఆటో మనిషి ఎక్కగానే కదులుతుంది. వీఆర్ఆర్ ఉన్న మానిటర్ ఆ ఆటో లాంటిది, ఫ్రేము రాగానే గీయడం మొదలుపెడుతుంది. కాకపోతే ఆటోవాడు మనకోసం ఎంతసేపైనా ఆగడు, ఒక ట్రిప్పు పూర్తికాకుండా రెండోది మొదలుపెట్టలేడు. ఆగగలిగే గరిష్ఠ సమయమే రేంజ్‌లో కింది అంకె. ఒక ట్రిప్పుకు పట్టే కనీస సమయమే పై అంకె.

మానిటర్ ఒక్కో ఫ్రేమును గీసే వేగం మారదు. 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఆట 60 ఎఫ్‌పీఎస్‌లో, అంటే సెకనుకు 60 ఫ్రేములతో, నడుస్తున్నా ప్రతి ఫ్రేమునూ దాదాపు 7 మిల్లీసెకన్లలోనే గీసేస్తుంది. సాగేది ఒక ఫ్రేము గీయడం ముగిశాక ఇంకొకటి మొదలయ్యే ముందు ఉండే ఖాళీ విరామం. దాన్ని వర్టికల్ బ్లాంకింగ్ అంటారు. అందుకే 60 ఎఫ్‌పీఎస్ ఆట మామూలు 60 హెర్ట్జ్ మానిటర్ మీద కంటే 144 హెర్ట్జ్ వీఆర్ఆర్ మానిటర్ మీద చేతికి చురుగ్గా తగులుతుంది. కార్డు 60 దాటించలేదని తెలిసినా 144 మానిటర్ కొనమని నేను చెప్పడానికి కారణం ఇదే.

వీఆర్ఆర్‌నే ఒక్కో సంస్థ ఒక్కో పేరుతో పిలుస్తుంది, ఆ పేర్ల విషయంలో ఎక్కువ టెన్షన్ అక్కర్లేదు. 2013లో ఎన్విడియా జీ-సింక్ తెచ్చింది, దానికి మానిటర్ లోపల వాళ్ల సొంత మాడ్యూల్ ఉండాలి. 2014లో డిస్‌ప్లే ప్రమాణాలు తయారుచేసే వెసా సంస్థ అడాప్టివ్-సింక్‌ను డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏ ప్రమాణంలో చేర్చింది. దాని మీద ఆధారపడి 2015లో ఏఎండీ ఫ్రీసింక్ మానిటర్లు వచ్చాయి. 2019 జనవరిలో ఎన్విడియా కూడా జీటీఎక్స్ 10 సిరీస్, ఆ తరువాతి కార్డులకు అడాప్టివ్-సింక్ మానిటర్లతో పనిచేసే వీలు ఇచ్చింది. కాబట్టి ఎన్విడియా కార్డు ఉందని ఫ్రీసింక్ మానిటర్‌ను పక్కన పెట్టకండి.

మొదటి మెట్టు: రేంజ్ కనుక్కోవడం

మానిటర్ మోడల్ నంబర్ పూర్తిగా రాసుకోండి, చివర ఉన్న ఒకటి రెండు అక్షరాలతో సహా. ఒకే పేరుతో వచ్చే రెండు మోడళ్లకు ప్యానెల్, అంటే లోపలి తెర, వేరుగా ఉండొచ్చు. తయారీదారు స్పెసిఫికేషన్ పేజీలోగానీ, ఏఎండీ, ఎన్విడియా తమ సైట్లలో పెట్టిన మానిటర్ల జాబితాల్లోగానీ రేంజ్ దొరుకుతుంది. 48–144, 48–165, 48–75, ఇలా ఉంటుంది.

ఇప్పుడు పై అంకెను కింది అంకెతో భాగించండి. జవాబు 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే మంచిది. 144ను 48తో భాగిస్తే 3. అలాంటి మానిటర్‌లో ఎల్‌ఎఫ్‌సీ, అంటే లో ఫ్రేమ్‌రేట్ కాంపెన్సేషన్, పనిచేయడానికి చోటుంటుంది. ఆట 40 ఎఫ్‌పీఎస్‌కు పడిపోతే ప్రతి ఫ్రేమునూ రెండుసార్లు చూపించి మానిటర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర నడిపిస్తారు. 80 అనేది రేంజ్ లోపలే ఉంది కాబట్టి ఫ్రేములు సమంగానే వస్తాయి.

48–75 మానిటర్ సంగతి వేరు. 40 ఎఫ్‌పీఎస్‌ను రెట్టింపు చేస్తే 80, అది 75ను దాటిపోతుంది. కాబట్టి ఆట 48 కిందికి దిగగానే వీఆర్ఆర్ ఆగిపోతుంది, పాత కుదుపులూ టియరింగూ తిరిగొస్తాయి. ఆఫీసు పనికని అమ్మే తక్కువ ధర 75 హెర్ట్జ్ మానిటర్ల మీద ఫ్రీసింక్ గుర్తు చూసి కొన్నవాళ్లు నిరాశపడేది ఇక్కడే. గుర్తులో అబద్ధం లేదు, రేంజ్ చిన్నది. ఏఎండీ ఫ్రీసింక్ ప్రీమియం గుర్తుకు మాత్రం ఎల్‌ఎఫ్‌సీ తప్పనిసరి, కాబట్టి కొనేటప్పుడు ఆ ప్రీమియం అన్న మాట కోసం చూడండి.

రెండో మెట్టు: కేబుల్, పోర్టు

డెస్క్‌టాప్ అయితే కేబుల్‌ను మదర్‌బోర్డు వెనకాల కాకుండా గ్రాఫిక్స్ కార్డు పోర్టుకు పెట్టాలి. చిన్న విషయమే గానీ ఇది తప్పుగా పెట్టి ఉన్న సిస్టమ్‌లు చాలా చూస్తుంటాం.

ఎన్విడియా కార్డుతో ఫ్రీసింక్ మానిటర్ వాడేవాళ్లు డిస్‌ప్లేపోర్ట్ కేబులే వాడండి. చాలా మానిటర్లు హెచ్‌డీఎంఐ ద్వారా ఇచ్చే ఫ్రీసింక్ ఏఎండీ సొంత పద్ధతి, ఎన్విడియాకు అది పట్టదు. హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణంలో చెప్పిన వీఆర్ఆర్ మానిటర్‌లో ఉంటే హెచ్‌డీఎంఐ మీద కూడా నడుస్తుంది. ఏఎండీ కార్డు ఉన్నవాళ్లకు రెండూ పనిచేస్తాయి. అయినా కొన్ని మానిటర్లలో హెచ్‌డీఎంఐ మీద రేంజ్ ఇరుకుగా ఉంటుంది కాబట్టి వాళ్లకూ డిస్‌ప్లేపోర్టే మేలు. సెట్‌టాప్ బాక్సుతో వచ్చిన పాత కేబుల్ వాడొద్దు. ఆట మధ్యలో తెర ఒక క్షణం నల్లబడి మళ్లీ వస్తుంటే మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే.

హాస్టల్‌లో గేమింగ్ ల్యాప్‌టాప్‌కు మానిటర్ తగిలించుకునే వాళ్లకు ఇంకో సంగతి. ల్యాప్‌టాప్ మీద ఉన్న పోర్టుల్లో ఏది ఎన్విడియా చిప్‌కు, ఏది ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కు కలిసి ఉంటుందో బయటికి తెలియదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 'కాన్ఫిగర్ సరౌండ్, ఫిజ్‌ఎక్స్' పేజీ తెరిస్తే ఏ డిస్‌ప్లే ఏ చిప్‌కు కలిసిందో బొమ్మ గీసి చూపిస్తుంది. మానిటర్ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కు కలిసి ఉంటే జీ-సింక్ సెట్టింగ్ ఆ మానిటర్‌కు రాదు. పోర్టు మార్చి చూడండి.

మూడో మెట్టు: మూడు చోట్ల ఆన్ చేయడం

మొదట మానిటర్ సొంత మెనూ. కింద బటన్లు నొక్కితే వచ్చే మెనూలో ఫ్రీసింక్, అడాప్టివ్-సింక్ లేదా వీఆర్ఆర్ అన్న పేరుతో ఉంటుంది. కొత్త మానిటర్లలో కూడా ఒక్కోసారి ఇది ఆఫ్‌లో వస్తుంది. బ్లర్ తగ్గించడానికి బ్యాక్‌లైట్‌ను టపటపా కొట్టించే ఆప్షన్ ఆన్‌లో ఉంటే చాలా మానిటర్లు వీఆర్ఆర్‌ను ఒప్పుకోవు, దాన్ని ఆఫ్ చేయండి.

రెండోది విండోస్. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అన్న దారిలో వెళ్లి రిఫ్రెష్ రేట్‌ను మానిటర్ ఇవ్వగల గరిష్ఠానికి పెట్టండి. 165 మానిటర్ కొని ఇక్కడ 60లోనే వదిలేసిన వాళ్లు తక్కువేం లేరు.

మూడోది డ్రైవర్. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 'సెటప్ జీ-సింక్' పేజీలో ఎనేబుల్ టిక్ పెట్టండి. మీ మోడల్ ఎన్విడియా పరీక్షించినవాటిలో లేకపోతే అదే పేజీలో కింద ఎంచుకున్న డిస్‌ప్లేకు సెట్టింగులు ఎనేబుల్ చేసే ఇంకో టిక్ ఉంటుంది, అదీ పెట్టాలి. ఫుల్ స్క్రీన్ మోడ్‌కు మాత్రమే అన్న ఆప్షన్‌తో మొదలుపెట్టండి. విండోలో నడిచే ఆటలకూ వర్తించే ఆప్షన్ పెడితే కొన్ని మామూలు ప్రోగ్రాములు కూడా మానిటర్ వేగాన్ని కిందికి లాగి డెస్క్‌టాప్‌ను ఇబ్బంది పెడతాయి. మీ ఆట బోర్డర్‌లెస్ విండోలో మాత్రమే నడిచేదైతే అప్పుడు మార్చుకోండి. ఏఎండీ వాళ్లకు అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే పేజీలో ఒక్క స్విచ్ చాలు.

నాలుగో మెట్టు: నిజంగా పనిచేస్తోందా

విండోస్ సెట్టింగుల్లో ఎప్పుడు చూసినా 144 అనే కనిపిస్తుంది, అది చూసి వీఆర్ఆర్ పనిచేయడం లేదనుకోకండి. అక్కడ కనిపించేది గరిష్ఠం మాత్రమే. ఆట నడుస్తుండగా మానిటర్ మెనూలోని సమాచారం పేజీ తెరవండి, లేదా మానిటర్‌లోనే ఎఫ్‌పీఎస్ కౌంటర్ ఉంటే ఆన్ చేయండి. ఆ అంకె ఆటతోపాటు 71, 83, 78 అని కదులుతూ ఉంటే వీఆర్ఆర్ పనిచేస్తున్నట్టే. 144 దగ్గరే బిగుసుకుపోయి ఉంటే లేనట్టు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో డిస్‌ప్లే మెనూ కింద జీ-సింక్ ఇండికేటర్ చూపించే ఆప్షన్ కూడా ఉంది. ఎన్విడియా ఇచ్చే పెండ్యులం డెమోలో ఊగే లోలకాన్ని వీ-సింక్ లేకుండా ఒకసారి, జీ-సింక్‌తో ఒకసారి మార్చి చూస్తే తేడా కంటికే తెలిసిపోతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఒకసారి చూడాల్సిందే. ఏ ఆటలో ఏం మారిందో ఆ తరువాత పట్టుకోవడం తేలికవుతుంది.

ఐదో మెట్టు: పై హద్దు దాటనివ్వకండి

కార్డు 144 కంటే ఎక్కువ ఫ్రేములు ఇస్తే మానిటర్ అంత వేగంగా గీయలేదు కాబట్టి వీఆర్ఆర్‌కు చేయగలిగేది ఉండదు. వీ-సింక్ ఆఫ్‌లో ఉంటే టియరింగ్, ఆన్‌లో ఉంటే ఆలస్యం. అందుకే ఎఫ్‌పీఎస్‌కు పరిమితి పెట్టాలి, గరిష్ఠం కంటే కనీసం 3 తక్కువగా. 144కు 141, 165కు 162. సరిగ్గా 144 అని పెడితే కొన్ని ఫ్రేములు ముందుగా తయారై హద్దు దాటేస్తుంటాయి.

ఆటలోనే పరిమితి ఆప్షన్ ఉంటే అదే వాడండి, చేతికి ఆలస్యం తక్కువగా తెలుస్తుంది. లేకపోతే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 'మ్యాక్స్ ఫ్రేమ్ రేట్'. ఏఎండీలో రేడియాన్ చిల్ తెరిచి కింది అంకె, పై అంకె రెండూ ఒకటే పెడితే పరిమితిగా పనిచేస్తుంది.

వీ-సింక్ గురించి చాలామందికి సందేహం. వీఆర్ఆర్ ఉంటే వీ-సింక్ ఎందుకని ఆఫ్ చేసేస్తారు. నా సలహా ఎన్విడియా వాళ్లకు ఇది: ఆటలో వీ-సింక్ ఆఫ్, కంట్రోల్ ప్యానెల్‌లో ఆన్, దానితోపాటు పరిమితి. రేంజ్ లోపల ఉన్నంతసేపు అది పాత వీ-సింక్‌లా వంతు కోసం ఆపదు. ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య సమయం ఒక్కసారిగా మారినప్పుడు తెర అడుగున వచ్చే చిన్న చీలికను మాత్రం ఆపుతుంది. ఆటలో రిఫ్లెక్స్ (ఆలస్యం తగ్గించే ఎన్విడియా సెట్టింగ్) ఉంటే ఆన్ చేయండి. వీ-సింక్, జీ-సింక్‌తో కలిసి ఉన్నప్పుడు 144 హెర్ట్జ్ మానిటర్ మీద అదే 138 దగ్గర ఆపుతుంది, వేరే పరిమితి పెట్టాల్సిన పని లేదు.

వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 పోటీకి ఆడేవాళ్లు 300 ఎఫ్‌పీఎస్ వదులుకోవడానికి ఇష్టపడరు. వాళ్లు వీఆర్ఆర్‌ను ఆ ఆటలకు ఆఫ్ చేసుకోవచ్చు, అంత వేగంలో టియరింగ్ పెద్దగా కనబడదు. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన ఆటలో దృశ్యాన్ని బట్టి 55 నుంచి 90 మధ్య ఊగే వాళ్లకే వీఆర్ఆర్ నిజమైన వరం.

ఆరో మెట్టు: కింది హద్దు దగ్గర మినుకులు

ఎక్కువ ఫిర్యాదులు ఇక్కడే వస్తాయి. చీకటి గదిలో, మంచు కురిసే దృశ్యంలో, లోడింగ్ తెర మీద వెలుతురు వణికినట్టు అవుతుంది. మానిటర్ పాడైందనుకుంటారు. చాలాసార్లు పాడవలేదు.

కారణం ఇది. ప్యానెల్ రంగులు, వెలుతురు ఒక నిర్ణీత వేగం దగ్గర సరిచేసి పంపుతారు. ఫ్రేము ఎక్కువసేపు నిలిచినప్పుడు పిక్సెల్ వెలుతురు కొంచెం మారుతుంది, త్వరగా మారినప్పుడు ఇంకోలా ఉంటుంది. వేగం నిదానంగా మారితే కన్ను పట్టదు. 48–144 మానిటర్ మీద ఆట 45కూ 52కూ మధ్య ఊగుతోందనుకోండి. 52 దగ్గర మానిటర్ 52 హెర్ట్జ్‌లో ఉంటుంది. 45కు దిగగానే ఎల్‌ఎఫ్‌సీ వచ్చి 90కి ఎక్కిస్తుంది. మళ్లీ 50 రాగానే 50కి దింపుతుంది. క్షణక్షణం ఇలా దూకడంతో ఆ చిన్న తేడా మినుకులా కనిపిస్తుంది. ప్యానెళ్లలో వీఏ, ఓలెడ్, ఐపీఎస్ అని రకాలున్నాయి. వీఏ ప్యానెళ్లలో, ఓలెడ్‌లలో ఇది బాగా తెలుస్తుంది, ఐపీఎస్‌లో తక్కువ. రాత్రి లైట్లు ఆర్పి చీకటి ఆటలు ఆడే అలవాటున్న వాళ్లకు నేను ఐపీఎస్ వైపే మొగ్గు చూపుతాను, నలుపు అంత గాఢంగా లేకపోయినా సరే.

ఏం చేయాలంటే, ముందు ఆట సెట్టింగులు తగ్గించండి. నీడలు, రిఫ్లెక్షన్లు, రే ట్రేసింగ్ ఒక్కో మెట్టు దించి, అతి బరువైన దృశ్యంలో కూడా 55 కిందికి పడకుండా చూడండి. సగటు ఎంత ఉందో కాదు, అతి తక్కువ ఎంత ఉందో చూసుకోవాలి. కార్డుకు అంత శక్తి లేకపోతే పూర్తిగా కిందికి దించి 40 దగ్గర పరిమితి పెట్టండి. ఎప్పుడూ ఎల్‌ఎఫ్‌సీలోనే ఉంటుంది కాబట్టి అటూ ఇటూ దూకడం ఆగిపోతుంది. కొన్ని మానిటర్ల మెనూల్లో 'వీఆర్ఆర్ కంట్రోల్', 'యాంటీ ఫ్లికర్' లాంటి పేర్లతో ఆప్షన్ ఉంటుంది, ప్రయత్నించండి, రేంజ్ కొంచెం ఇరుకవ్వొచ్చు.

సీఆర్‌యూ అనే ఉచిత ప్రోగ్రాముతో రేంజ్ అంకెలు మార్చుకునే దారి కూడా ఉంది. మినుకులున్న 144 మానిటర్‌లో కింది అంకెను 48 నుంచి 60 దాకా పెంచితే ఎల్‌ఎఫ్‌సీ ముందే అందుకుంటుంది. 75 హెర్ట్జ్ మానిటర్‌లో కింది అంకెను 37కు దించగలిగితే రెట్టింపుకు చోటు దొరుకుతుంది. ప్రతి ప్యానెలూ ఒప్పుకోదు. తెర నల్లబడితే వెనక్కి మార్చడానికి ఆ ప్రోగ్రాముతో వచ్చే రీసెట్ ఫైలును ముందే డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి. ఇది అన్నీ అయ్యాక చేసే పని.

లోడింగ్ తెరల మీద మినుకు మాత్రం పోదు. అక్కడ ఎఫ్‌పీఎస్ వందల్లోంచి సున్నా దాకా ఎగిరి పడుతుంటుంది. వదిలేయండి.

ఏడో మెట్టు: ఓవర్‌డ్రైవ్

మానిటర్ మెనూలో రెస్పాన్స్ టైమ్ లేదా ఓవర్‌డ్రైవ్ అని ఉంటుంది. పిక్సెల్ త్వరగా రంగు మారేలా ఇచ్చే అదనపు తోపు అది. 144 దగ్గరికి సరిపోయే తోపు 60 దగ్గర మరీ ఎక్కువైపోయి, కదిలే వస్తువు వెనక లేత రంగు తోక కనిపిస్తుంది. మాడ్యూల్ ఉన్న పాత జీ-సింక్ మానిటర్లు వేగాన్ని బట్టి ఈ తోపును మార్చుకుంటాయి, తక్కువ ధర మానిటర్లలో ఎక్కువవాటికి ఆ తెలివి లేదు. కాబట్టి 'ఫాస్టెస్ట్', 'ఎక్స్‌ట్రీమ్' జోలికి పోకుండా మధ్యలో ఉన్న 'నార్మల్' పెట్టుకోండి. మీరు రోజూ ఆడే ఎఫ్‌పీఎస్ దగ్గరే తోక కోసం చూడాలి.

వీఆర్ఆర్ వల్ల కానివి

ఫ్రేముల మధ్య చిన్న తేడాలను వీఆర్ఆర్ సర్దుతుంది. ఒక ఫ్రేము ఏకంగా 100 మిల్లీసెకన్లు ఆగిపోతే ఆ కుదుపును ఏ మానిటరూ దాచలేదు. మన దగ్గర దానికి రెండు కారణాలు తరచూ కనిపిస్తాయి.

ఒకటి వేడి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి నెల్లూరులో ఫ్యాను కింద ల్యాప్‌టాప్‌తో ఆడితే ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. మొదటి పది నిమిషాలు నున్నగా ఉండి ఆ తరువాత కుదుపులు మొదలైతే వేడి గురించే ఆలోచించండి. దుమ్ము దులపండి, వెనక భాగం ఎత్తు పెట్టండి, ఎఫ్‌పీఎస్ పరిమితి 90కో 75కో దించండి. ఫ్రేములు తగ్గితే వేడి తగ్గుతుంది, సమంగా వస్తాయి, వీఆర్ఆర్ ఉన్న తెర మీద 75 కూడా హాయిగా ఉంటుంది.

రెండోది ర్యామ్. ఒకే 8 జీబీ స్టిక్‌తో వచ్చే సిస్టమ్‌లు ఇంకా చాలా ఉన్నాయి. ముఖ్యంగా రైజెన్ 5 5600జీ లాంటి, ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకు రెండో స్టిక్ వేస్తే వచ్చే తేడా మానిటర్ మారిస్తే కూడా రాదు.

కన్సోల్ ఉన్నవాళ్లకు

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ రెండూ హెచ్‌డీఎంఐ మీద ఫ్రీసింక్ ఉన్న మానిటర్లతో పనిచేస్తాయి. పీఎస్5కు 2022 ఏప్రిల్‌లో వీఆర్ఆర్ వచ్చింది, అది హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్ఆర్ ఉన్న తెరల మీదే నడుస్తుంది, రేంజ్ 48 నుంచి 120. ఫ్రీసింక్ అని రాసిన పాత మానిటర్ తెచ్చి పీఎస్5కు పెడితే ఆప్షన్ కనబడదు.

కొనేటప్పుడు

చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొన్నా, ఊళ్లోనే కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా మోడల్ నంబర్‌తో రేంజ్ చూసుకున్నాకే డబ్బు కట్టండి. వాపసు గడువు ఎన్ని రోజులో అడిగి రాయించుకోండి. ఇంటికి రాగానే గది చీకటి చేసి, మీ ఆటల్లో అతి బరువైనదాన్ని కావాలనే 50 ఎఫ్‌పీఎస్ చుట్టూ ఊగేలా సెట్టింగులు పెంచి పది నిమిషాలు ఆడండి. మినుకు కనిపించే ప్యానెల్ అయితే అక్కడే బయటపడుతుంది. అది మీ కంటికి ఇబ్బందిగా ఉంటే సెట్టింగులతో కుస్తీ పట్టకుండా గడువులోపలే మార్చుకోండి. ఈ పరీక్ష అయ్యేదాకా డబ్బా, థర్మోకోల్ పారేయకండి.